ధనరాజు ర్యాంపు, మా అమ్మ పెనం

నా పేరు కన్నారావు. ఉద్యోగం కూల్చుడు. అడ్డంగా కట్టినవాళ్ళంతా కూల్‌గా ఉంటారు. కూల్చవలసిన నాకే ఒళ్ళు కాలుతూ ఉంటుంది.

ఊళ్ళో ఎవరైనా ప్లాను దాటి గోడ లేపినా, రోడ్డు మీదికి అరుగు దింపినా వెళ్ళి టేపు పెట్టి కొలవడం, నోటీసు అంటించడం, గడువు దాటాక దగ్గరుండి పడగొట్టించడం మునిసిపాలిటీలో నా పని. నోటితో అనలేని ఈసునంతా కాగితం మీద పెడితే దాన్నే నోటీసు అంటారు. అలాంటివి ధనరాజుకు నాలుగిచ్చాను. నాలుగూ అతని కాంప్లెక్సు గేటుకే అంటించాను. వాటి మీద అతను 'గదులు అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు తగిలించుకున్నాడు.

ఆ ధనరాజు నా పేరును ఒక్కసారి కూడా కలిపి పలికిన పాపాన పోలేదు. మధ్యకు విరిచి పలుకుతాడు.

"కన్నా... రావు! నోటీసిస్తావు, ఫొటో తీస్తావు, ఛాయ్ తాగుతావు. కూల్చడానికి మాత్రం రావు!"

అని, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేదాకా ఆగుతాడు. నాలా మీద కట్టినవాణ్ణయినా మన్నిస్తానేమో గాని, నా పేరు మీద నాకంటే ముందు శ్లేష కట్టినవాణ్ణి ఎలా మన్నించడం?

డాలీగంజ్‌లో మెయిన్ రోడ్డు మీంచి కొండ వైపు ఎక్కే గల్లీ మాది. గల్లీ పొడుగునా ఒక నాలా. పై నుంచి దిగే వాననీళ్ళన్నీ అందులోంచే వెళ్ళి రోడ్డు కింద కల్వర్టులో పడాలి. నాలా పైకొసన మా ఇల్లు. కింది కొసన, రోడ్డు మూల మీద, ధనరాజు ప్లాజా. కింద టైల్స్ దుకాణం, పైన టూరిస్టులకు గదులు. మూడు వైపులా సెట్‌బ్యాక్, అంటే ఖాళీ జాగా, వదలమంటే ఒక్కవైపూ వదలలేదు. సెట్‌బ్యాక్ వదలనివాడికి ఎప్పుడో ఒకప్పుడు సెట్‌బ్యాక్ తప్పదని నా నమ్మకం. పోనీ అక్కడితో ఆగాడా? బళ్ళు ఎక్కడానికి నాలా మీద సిమెంటు ర్యాంపు పోశాడు. ర్యాంపు పక్కన జనరేటరు గది కట్టాడు. రెండిటికీ కలిపి పైన ఒక ఆర్చి, ఆర్చి మీద తన పేరు. నీళ్ళు పోవడానికి అడుగున ఒక పైపు వదిలాడు. అందులో పిల్లి దూరితే వెనక్కి తిరగలేదు.

మా దీవుల్లో వాన చుట్టపుచూపుగా వచ్చి ఇల్లరికం ఉండిపోయే రకం. ఆ నీళ్ళు ర్యాంపుకు కొట్టుకుని, వెనక్కి తన్ని, గల్లీలో ప్రతి ఇంట్లోకీ వచ్చి కూర్చుంటాయి. చాతం మిల్లులో రంపాలకైనా ఆదివారం సెలవుంటుంది గాని, ఈ ర్యాంపు పెట్టే రంపపుకోతకు సెలవు లేదు. మునిగేవాళ్ళ పాలిటి మునిసిపాలిటీ ఉంది కదా అని జనం నా మొహం చూస్తారు. నేను ఆకాశం మొహం చూస్తాను. నాలా బతుకూ నాలాగే అయింది: మీద ఎవడు ఎక్కి కూర్చున్నా కిక్కురుమనకూడదు.

నాలా మీద ఉన్నవన్నీ కూల్చమని ఆర్డరుంది. మరి ఎందుకు కూల్చలేదు? మెషీను లేక.

మా ఆఫీసుకు ఒక సొంత జేసీబీ ఉండేది. ఉప్పుగాలికి తుప్పు పట్టి యార్డులో కూలబడింది. దాని బకెట్టులో కోడి గుడ్లు పెడుతోంది. ఇంజను చుట్టూ తీగ అల్లుకుంది. దాని డ్రైవరు సూరయ్య మాత్రం చెక్కుచెదరలేదు. దాని తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరుగుతూ, నేను కొలతలకు వెళ్తే టేపు రెండో కొస పట్టుకుంటాడు. సొంత మెషీను లేదు కాబట్టి కూల్చే పనులన్నిటికీ ఏడాది కాంట్రాక్టు మీద బయటి మెషీనును పిలుస్తాం. ఆ కాంట్రాక్టు ఎవరిది? ధనరాజుది!

అంటే ధనరాజు ర్యాంపు కూల్చాలంటే ధనరాజు మెషీనే రావాలి. దొంగ తన చేతులకు తానే బేడీలు తగిలించుకోవాలన్నమాట. వేరేవాళ్ళను అడిగితే, "ధనరాజు భయ్యాతో మాకెందుకు సార్ గొడవ" అని మొహం చాటేస్తారు. ధనరాజేమో నేను కూల్చే రోజు ఖాయం చేసిన ప్రతిసారీ తన మెషీనును మంచాన పడేస్తాడు.

నాలుగో నోటీసు గడువు దాటిన రోజున వెళ్ళాను. టైల్స్ దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కొబ్బరిబొండం తాగుతున్నాడు. పక్కన అతని జనం నలుగురు.

"ధనరాజు భయ్యా, రేపు మెషీను పంపాలి."

"మెషీన్ కహాఁ భయ్యా? హైడ్రాలిక్ పంపు ఖతమ్. చెన్నై నుంచి పార్టు రావాలి. ఓడ మీద వస్తాది."

"ఓడ మొన్ననే వచ్చిందిగా. నేనే చూశాను."

"ఆ ఓడ కాదు. దాని తర్వాతది."

మా దీవుల్లో ఈ మాటకు తిరుగులేదు. దుకాణంలో ఉల్లిపాయలు లేకపోయినా, ముహూర్తానికి పెళ్ళికొడుకు దిగకపోయినా, 'ఓడ మీద వస్తాది' అంటే ఎంతటి వాడైనా నోరు మూసుకోవలసిందే. పుట్టినప్పటినుంచీ ఓడ కోసం ఎదురుచూస్తూ పెరిగినవాళ్ళం. అబద్ధమని తెలిసినా అలవాటు కొద్దీ తలూపుతాం. ఆ ఓడ రాదు, ఈ ఓటమి పోదు. నేను తలూపి వెనక్కి తిరిగాను.

"ఏయ్ కన్నా... రావు!" వెనకనుంచి పిలిచాడు. "అందరి గోడలూ కొలుస్తావు గదా, మీ వంటింటి గోడ ఎప్పుడైనా కొలిచినావా? అదీ నాలా మీదే ఉంది. పహలే నీ వంటిల్లు కూల్చు, ఫిర్ నా ర్యాంపు. నువ్వు ఊఁ అను, మెషీను పరుగెత్తించుకొస్తా. డ్రైవరెందుకు, నా చేత్తో నేనే నడుపుతా. మీ అమ్మ బడ్డీ మీదికి నడిపినట్టు!"

నలుగురూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతున్నంతసేపూ పళ్ళు కొరుక్కోవచ్చునని ఆ రోజే తెలిసింది.

బడ్డీ సంగతి చెప్పాలి. మా నాన్న దాలయ్య చాతం రంపపు మిల్లులో పనిచేసేవాడు. ఆయన పోయాక మా అమ్మ ఎరుకమ్మ, ఇప్పుడు ధనరాజు ప్లాజా ఉన్న ఆ మూల మీదే, అట్ల బడ్డీ పెట్టింది. నాలుగు చెక్కలు, పైన రేకు, లోపల ఇనప పెనం. తెల్లారేసరికి జనం వరస కట్టేవాళ్ళు. ఆ వరసలో అందరికంటే ముందుండేవాడు ధనరాజు. అప్పటికి ఇంకా ఎవరిదో మెషీను నడిపే ఆపరేటరు. "పిన్నీ" అని పిలిచేవాడు. పిన్నీ అంటూనే అట్టు మీద అట్టు లాగించేవాడు. తర్వాత కాంట్రాక్టులు దొరికాయి. మెషీను కొన్నాడు. బడ్డీ వెనకున్న జాగా కొన్నాడు. కొన్నాక ముందున్న బడ్డీ కంట్లో నలుసైంది. బడ్డీ గుంజలు అడుగు మేర నాలా మీదికి ఉన్నాయని అర్జీ పెట్టాడు. ఉన్నమాటే. కూల్చమని ఆర్డరు వచ్చింది. ఆ పొద్దున ధనరాజు ఎప్పటిలాగే వరసలో ముందు నిలబడ్డాడు. రెండట్లు తిన్నాడు. కారప్పొడితో మూడోది వేయించుకున్నాడు. మూతి తుడుచుకుని, మెషీనెక్కి, బడ్డీ మీదికి తోలాడు.

నేనప్పుడు డిగ్లీపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. కబురంది బస్సు పట్టుకుని వచ్చేసరికి ఆ మూల మీద మా అమ్మ, ఆమె ఒళ్ళో పెనం మిగిలాయి. బడ్డీ పోయిందని ఆమె ఏడవలేదు. అడుగు జాగా ముందుకు జరగడం తన తప్పేనంది. ఆమెకు మింగుడు పడనిది వేరే.

"తిని కూల్చినాడ్రా. కూల్చి తిన్నా దొంగనాకొడుకని ఊరుకుందును. తిని కూల్చినాడు."

అప్పుడే ఒట్టు పెట్టుకుంది. "ఈడు కట్టింది నా కళ్ళెదర కూలేదాకా ఈ పెనం పొయ్యెక్కదు."

పన్నెండేళ్ళయింది. మా ఇంట్లో ఇడ్లీ ఉంది, ఉప్మా ఉంది, అట్టు లేదు. మా అమ్మ అట్టే మాట్లాడదు గాని, అట్టు మాటెత్తితే ఇల్లు అట్టుడికిపోతుంది. మా ఆవిడ ప్రమోద కొత్తలో నాన్‌స్టిక్ పెనం కొంటానంటే, అత్తగారు చూసిన చూపుకు అప్పటినుంచి ఏదీ అంటుకోలేదు. ఆ పాత పెనాన్ని మాత్రం గోడకు తగిలించి, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా శనివారం శనివారం కొబ్బరినూనె రాస్తుంది. వేరే ఇళ్ళలో కత్తులకు అలా రాస్తారు.

నేను పరీక్ష రాసి ఈ సీటులోకి వచ్చింది అందుకే. గవర్నమెంటు ఉద్యోగికి పగలున్నది పగలు తీర్చుకోవడానికే. సాయంత్రం అయితే ఆఫీసు మూసేస్తారు.

ధనరాజు నవ్విన రోజు సాయంత్రమే వాన పట్టుకుంది. నాలా వెనక్కి తన్నింది. నేను ఇంటికి చేరేసరికి ప్రమోద చీర కుచ్చెళ్ళు దోపుకుని, వంటింట్లో మడమలు మునిగే నీళ్ళలో నిలబడి, గిన్నెలు అటక మీదికి ఎక్కిస్తోంది. కందిపప్పు డబ్బా తేలుతూ వచ్చి నా కాలికి తగిలింది.

"వచ్చారా? మీ ధనరాజు నీళ్ళు పంపించాడు, కాళ్ళు కడుక్కోండి."

నేను సంచీలోంచి టేపు తీసి వంటింటి గోడ కొలిచాను. మా నాన్న కట్టిన వంటిల్లు. ఎర్రటి పడౌక్ చెక్కలు, టేకుకు తీసిపోని కలప. మిల్లులో మిగిలిన ముక్కలు ఒక్కొక్కటే భుజాన మోసుకొచ్చి కట్టాడు. గోడ అడుగున్నర నాలా మీదే ఉంది.

"ఏటి కొలస్తన్నావు?" మంచం మీదనుంచి అమ్మ.

"వంటిల్లమ్మా. వాడన్నది నిజమే. నాలా మీదికి ఉంది."

"ఉంటే ఏటి సేస్తావు?"

"కూలుస్తాను."

ప్రమోద చేతిలో గిన్నె జారి నీళ్ళలో పడింది. "మతి గానీ పోయిందా మీకు? వాడి ర్యాంపు కూల్చమంటే నా వంటిల్లు కూలుస్తారా?"

"వాడి ర్యాంపు కూల్చాలి, మెషీను పంపించమంటే ఏమంటాడు?"

"ఓడ మీద వస్తాదంటాడు."

"మన వంటిల్లు కూల్చాలి, పంపించమంటే?"

ప్రమోద వంగి గిన్నె తీయబోయి సగంలో ఆగింది. "పరుగెత్తుకొస్తాడు," అంది నెమ్మదిగా.

"వస్తాడా? తహసీల్దారు ముందు, పోలీసుల ముందు, గల్లీ జనం ముందు వాడి మెషీను నడుస్తుంది. నడిచిన మెషీనుకు జబ్బంటే ఎవరు నమ్ముతారు? ఆర్డరు నాలా మొత్తానికి. పైకొస మనది, కింది కొస వాడిది. మెషీను కొండ దిగాలంటే వాడి ర్యాంపు మీదుగానే దిగాలి."

ప్రమోద వంటింటి నాలుగు గోడలూ చూసింది.

"మళ్ళీ కట్టేదాకా నేనెక్కడ వండను?"

"బడ్డీ కూలినకాడినుంచి నా కడుపు మండతానే ఉంది," అంది అమ్మ. "ఆ మంట మీద వండు."

"అది కాదత్తయ్యా..." అని ఏదో అనబోయి, ప్రమోద గది మూలకు చూసింది. అక్కడ ఆమె కుట్టుమిషను ఉంది. పోయిన వానకు నీళ్ళలో నాని బిగుసుకుపోయింది. తిప్పితే ఏడుస్తుంది. చూసి చూసి చీర కొంగు బిగించింది. "సిలిండరు నేను విప్పుతాను. మీరు మెషీను తెప్పించండి. మధ్యలో మనసు మార్చుకున్నారో, మిమ్మల్నే కూలుస్తాను."

ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒక మాట మీద నిలబడడం నా పెళ్ళినాటినుంచి అదే మొదలు.

మర్నాడే మా వంటింటికి నేనే నోటీసు రాసి, నేనే అంటించి, నేనే అందుకున్నాను. గడువు దాటాక తహసీల్దారు మేడమ్ రోజు ఖాయం చేశారు. ధనరాజుకు ఫోన్ చేశాను.

"భయ్యా, నువ్వన్నదే కరెక్టు. మా వంటిల్లు నాలా మీదే ఉంది. శుక్రవారం పొద్దున్న కూల్చమన్నారు. నాలా పైకొసనుంచి మొదలు. కానీ నీ మెషీనుకు పంపు పోయింది కదా, ఏం చెయ్యమంటావు?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. మనిషి లేచి నిలబడ్డాడు.

"పార్టు వచ్చేసింది!"

"ఓడ రాలేదే ఇంకా?"

"ఓడ కాదు భయ్యా, ఫ్లైటు! ఫ్లైటులో తెప్పించినా! నీ ఇల్లు కూల్చాలంటే నీ కోసం అంత మాత్రం చెయ్యనా?"

శుక్రవారం వాన తెరిపిచ్చింది. గల్లీ అంతా అరుగుల మీదికి వచ్చింది. తహసీల్దారు సుచరిత మేడమ్ జీపు దిగారు. ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి. తెలుగు మాట్లాడుతుంది, హిందీలో మందలిస్తుంది. వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు. నా పక్కన టేపు పట్టుకుని సూరయ్య. గేటు దగ్గర సిలిండరు, గిన్నెలు, వాటికి కాపలాగా ప్రమోద. అరుగు మీద అమ్మ, ఒళ్ళో నూనె రాసిన పెనం.

మెషీను పసుపు, కుంకుమ, మందార దండతో గల్లీ ఎక్కింది. కేబిన్లో ధనరాజు. తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు. పెళ్ళికి వచ్చినా అంత ముస్తాబుగా రాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి మరీ వచ్చాడట.

"పిన్నీ! బాగున్నావా?" కేబిన్లోంచే అరిచాడు.

"నీ దయ నాయినా," అంది అమ్మ. "కానీ మరి. ఎండెక్కతాది."

మేడమ్ మెషీను వైపు చూశారు. "మెషీన్ ఠీక్ హై నా? ఎప్పుడూ బ్రేక్‌డౌన్ అని రాస్తారు మీరు."

"గుర్రం మేడమ్! రేసు గుర్రం!" ధనరాజు స్టీరింగు మీద చరిచాడు. "సాయంత్రం దాకా ఆగకుండా నడుస్తాది. ఈ గల్లీ ఏమిటి, డిగ్లీపూర్ దాకా అయినా నడిపిస్తా."

"అచ్ఛా," అన్నారు మేడమ్. కానిస్టేబుళ్ళు విన్నారు. గల్లీ విన్నది. నాకు కావలసిన పూచీకత్తు అదే.

ఒక్క పోటుకు పడే గోడ. ధనరాజు నాలుగు పోట్లు పొడిచాడు. మొదట కిటికీ పీకి పైకెత్తి అందరికీ చూపించాడు. తర్వాత రేకులు ఒలిచాడు. తర్వాత ఒక్కో చెక్కనూ పంటితో కొరికినట్టు కొరికి, లాగి, గాల్లో ఊపి వదిలాడు. కూల్చడం కాదది, కూర తరగడం. ఆఖరి గుంజ విరిగి పడ్డప్పుడు దుమ్ములోంచి మా నాన్న వాసన వచ్చింది. ఆయన మిల్లునుంచి వచ్చి చొక్కా విప్పి దులిపినప్పుడు వచ్చే రంపపు పొట్టు వాసన. నా కాళ్ళు ఒక్క అడుగు ముందుకు పడ్డాయి. ప్రమోద నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. అమ్మ మాత్రం రెప్ప వెయ్యలేదు. చూడవలసింది ముందుందని ఆమెకు తెలుసు.

"అయిపాయె! బాగుందా కన్నా... రావు?" ధనరాజు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"చాలా బాగుంది భయ్యా. ఇక కిందికి పద."

"కిందికెందుకు?"

"ఆర్డరు నాలా మొత్తానికి. పైకొస అయింది. మధ్యలో అందరూ గట్టు వదిలే కట్టుకున్నారు. ఇక మిగిలింది కింది కొస."

నాలుగు నోటీసులు గేటుకు అంటించుకున్నవాడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. నవ్వు మూతి మీదే ఉండిపోయింది గాని, కింద మొహం మారిపోయింది. లివరు అటూ ఇటూ ఆడించాడు.

"మెషీను... ఏదో సౌండు వస్తంది మేడమ్. పంపు మళ్ళీ..."

"అభీ తో రేసు గుర్రం అన్నారు?" మేడమ్ కనుబొమ్మ పైకెత్తారు. గల్లీ గొల్లుమంది.

ధనరాజు ఇంజను ఆపేశాడు. తాళంచెవి పీకి ప్యాంటు జేబులో వేసుకుని కిందికి దూకాడు. "నేను నడపను. నా మెషీను, నా ఇష్టం. ఆపరేటరు లేడు. తాళం ఇవ్వను."

"మత్ దీజియే, ఇవ్వకండి," అన్నారు మేడమ్ చల్లగా. "కాంట్రాక్టరు పని మధ్యలో వదిలేస్తే, ఆ మెషీనునే ఆఫీసు సొంత మనిషితో నడిపించుకోవచ్చు. మీ కాంట్రాక్టులోనే ఉంది. కన్నారావుగారూ, మీ దగ్గర నడిపే మనిషి ఉన్నాడా?"

"ఉన్నాడు మేడమ్. జీతం తీసుకుంటూ ఎదురుచూస్తున్నాడు."

ధనరాజు జేబు మీద చరుచుకున్నాడు. "మనిషి ఉంటే సరిపాయెనా? చాబీ ఏది?"

సూరయ్య టేపు నా చేతికిచ్చాడు. కానిస్టేబులు చాటుకు వెళ్ళి, చొక్కా ఎత్తి, మొలతాడునుంచి తాళంచెవి విప్పుకుని వచ్చాడు.

"జేసీబీలన్నిటికీ తాళం ఒకటేరా ధనరాజూ. మర్చిపోనావేటి? నీకు నేర్పింది నానే కదా."

ఎక్కాడు, తిప్పాడు. మెషీను ఒక్కసారి దగ్గి, గర్జించింది. కోడి గుడ్లు పెట్టే మెషీను మీద కూర్చుని కూర్చుని తుప్పుపట్టిన మనిషి, ఆ గర్జనకు పదేళ్ళు వెనక్కి వెళ్ళాడు. వెళ్ళింది వయసే, మెషీను మాత్రం ముందుకే నడిచింది. గల్లీకి గల్లీ దాని వెనక దిగింది.

ధనరాజు పరుగున ముందు వెళ్ళి ర్యాంపు మీద చేతులు చాపి నిలబడ్డాడు. కానిస్టేబుళ్ళు చెరో రెక్కా పట్టుకుని పక్కకు జరిపారు. ఫోన్ తీసి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకు కొట్టాడు. కట్టేవాడి ఫోను అందరూ ఎత్తుతారు, కూలేవాడి ఫోను ఎవరెత్తుతారు? సూరయ్య చెయ్యి మొదటి దెబ్బకు అలవాటు తప్పి ఆర్చికి తగిలింది. 'ధనరాజు ప్లాజా' అన్న పేరులో 'ధన' ఊడి నాలాలో పడింది. ధనం పోయి రాజు ఒక్కడూ పైన వేళ్ళాడాడు. రెండో దెబ్బకు రాజూ దిగాడు.

అప్పుడు పిలిచాడు.

"కన్నారావు గారూ! కన్నారావు గారూ, ఒక్క నిమిషం ఆపండి!"

పన్నెండేళ్ళలో మొదటిసారి నా పేరు అతుక్కుంది. ఆ పిలుపును నేను నోట్లో వేసుకుని చప్పరించాను. చెక్కల వాసన ఇంకా ముక్కులో ఉంది. అతని దగ్గరికి వెళ్ళి, చెవి దగ్గర చెప్పాను.

"వచ్చానుగా భయ్యా!"

సూరయ్యకు చెయ్యి ఊపాను. ర్యాంపు నడుమ విరిగింది. జనరేటరు గది గోడ మోకాళ్ళ మీద కూలింది. అడుగునున్న పిల్లి పైపు బయటపడి, సూరయ్య దాన్ని పంటికింద చెరకులా విరిచేసరికి, వెనక నిలిచిన నీళ్ళన్నీ బురద, ప్లాస్టిక్ సీసాలు, తెగిన చెప్పులతో ఒక్కసారిగా రోడ్డు కిందికి దూకాయి. గల్లీ ఈలలు వేసింది. పైన టూరిస్టులు బాల్కనీల్లోంచి ఫోన్లతో వీడియో తీసుకున్నారు. టిక్కెట్టు లేకుండా చూశారు పాపం, దీవుల్లో ఇంతకంటే చూడదగ్గది ఏముంటుంది?

జనం పక్కకు జరుగుతున్నారు. చూస్తే అమ్మ. పెనం చంకన పెట్టుకుని, అట్లకాడ చేత పట్టుకుని, కొండ దిగివస్తోంది. వెనక ప్రమోద, తల మీద పిండి గిన్నె, చంకలో కట్టెలు. పిండి నిన్ననే రుబ్బి ఉంచిందట అమ్మ. ర్యాంపు కూలుతుందో లేదోనని నాకు నిద్రపట్టలేదు. ఆమె మినప్పప్పు నానబోసుకుని హాయిగా పడుకుంది.

ఒకప్పుడు బడ్డీ ఉన్న మూల దగ్గర ఆగింది. ధనరాజు ర్యాంపులోంచి ఊడిన సిమెంటు పెళ్ళలు మూడు ఏరించి పొయ్యి పెట్టించింది. ప్రమోద చంకలోవి మా వంటింటి చెక్కలు. పడౌక్ చెక్కతో పొయ్యి మండించడం మా నాన్న చూస్తే బతికొచ్చి కొట్టేవాడు. అంటించాక మాత్రం ఎర్రగా, నిలకడగా, చిటపటలు లేకుండా మండింది. రోడ్డు పక్కన పొయ్యి పెడితే చూస్తూ ఊరుకోవడం నా ఉద్యోగధర్మం కాదు. టేపు తీశాను.

"కొలుసుకో," అంది అమ్మ నిప్పు ఊదుతూ. "ఈసారి అడుగు ఇవతలే పెట్టినాను."

కొలిచాను. అడుగు మీద ఇంకో బెత్తెడు ఇవతల ఉంది. టేపు చుట్టేశాను.

పెనం కాగింది. నీళ్ళు చిలకరించి చూసింది. గరిటెడు పిండి వేసి తిప్పింది. చుయ్‌మన్న చప్పుడుకు గల్లీ మాట్లాడ్డం మానేసింది. మొదటి అట్టు సూరయ్యకు. రెండోది మేడమ్‌కు. మేడమ్ డ్యూటీలో తినకూడదని చెప్పబోయి, వాసన తగిలి, జీపు వెనక్కి వెళ్ళి తిన్నారు. తర్వాత కానిస్టేబుళ్ళు, గల్లీ. ప్రమోద చేతిలో ఆకు ఖాళీ అవుతుంటే మళ్ళీ నిండుతోంది. నాకు వచ్చిన అట్టు అంచులు కరకరలాడుతూ నడుమ మెత్తగా ఉంది. పన్నెండేళ్ళ పగ రుచి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, కొంచెం ఉప్పు తక్కువైందని చెబుతాను. ఆ ఉప్పు నా కళ్ళలోంచి పడి సరిపోయింది.

ధనరాజు తన రాళ్ళ కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా బూడిద రంగయింది. నా ఇల్లు కూల్చే హడావుడిలో పొద్దుటినుంచి ఏమీ తిని ఉండడు. పొగ అతని వైపే వెళ్తోంది. గాలి కూడా మా అమ్మ చెప్పినట్టే వీచింది. ఒకసారి మొహం తిప్పుకున్నాడు, ఇంకోసారి గుటక వేశాడు. జనం పలచబడ్డాక లేచి, దులుపుకుని, పొయ్యి దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ వరసలో ముందుండేవాడు ఆఖర్న నిలబడ్డాడు.

"పిన్నీ..." అన్నాడు.

అమ్మ తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. గిన్నెలో ఇంకా రెండు అట్లకు సరిపడా పిండి ఉంది, నా కళ్ళతో నేను చూశాను. ఆమె గిన్నె మీద పళ్ళెం మూసి, పెనం మీద నీళ్ళు చల్లి, అట్లకాడ కొంగుకు తుడిచింది.

"పిండి అయిపోనాది నాయినా," అంది. "ఓడ మీద వస్తాది."